చాలు, కట్టేయండి

సర్వీసులో ఉండగా చనిపోయిన ఉద్యోగి కుటుంబంలో ఒకరికి ఇచ్చే కారుణ్య నియామకాన్ని ఇకమీదట చనిపోయిన ఉద్యోగికే ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించాక, కొత్తరేవు పురపాలక సంఘం నీటి విభాగంలో పనిచేస్తూ పోయిన దూసి హైమవతిని కంపైల్ చేసి, పెద్దకర్మ మర్నాడు ఆమె సీట్లోనే పెట్టారు. ఉత్తర్వులో కారణం స్పష్టంగానే ఉంది. ఒక ఉద్యోగి మరణం వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఆ ఉద్యోగే కాబట్టి, కారుణ్యం కూడా ముందు వాళ్ళకే అందాలి. పైగా వాళ్ళకి పని కొత్తగా నేర్పక్కర్లేదు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

కంపైల్ అయిన హైమవతి, అంటే ప్రోగ్రాముగా మారిన హైమవతి, ఒక స్టీలు పెట్టెలో ఉండేది. పెట్టె ఊరగాయ జాడీ కంటే కొంచెం పెద్దది. ముందువైపు చిల్లుల పలక, వెనకవైపు ఒక వైరు. చిల్లుల్లోంచి వచ్చేది ఆమె గొంతే. కాని ఆదేశాలు తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. పలకరిస్తే జవాబు ఉండదు. తోటి ఉద్యోగులు మొదట్లో కొంచెం ఇబ్బంది పడ్డారు. ఆవిడ బతికున్నప్పుడు కూడా ఆఫీసులో పెద్దగా మాట్లాడేది కాదని ఎవరో గుర్తు చేశాక సర్దుకున్నారు.

ఆమె భర్త సన్యాసిరావు జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాడు. భార్య ఇంకా సర్వీసులోనే ఉంది కనుక ఆయన్ని భార్య పోయినవాడిగా నమోదు చెయ్యడం కుదరదన్నారు. పండగలకైనా ఇంటికి పంపుతారా అని ఆయన అడిగితే, కంపైల్ అయినవాళ్ళకి సెలవు నిలవ ఉండదన్నారు. ఆయన తల ఊపి వచ్చేశాడు. ఎక్కడుందో తెలుసు, ఫ్యాను కింద ఉంది, మంచి కిటికీ పక్కన ఉంది. అది చిన్న సంగతి కాదనిపించింది ఆయనకి.

పెట్టెలో ఉన్నవాళ్ళకి చేతులుండవు. బయట ఏ పని జరగాలన్నా వాళ్ళు ఆదేశం ఇవ్వాలి, దాన్ని షెల్ అందుకోవాలి. షెల్ అంటే కాంట్రాక్టు పోస్టు. ఆ పోస్టులో గురువులు అనే మనిషి పెట్టె పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఆదేశం వినపడగానే లేచి, అందులో ఎవరిని పిలిచారో వాళ్ళకోసం గదుల వరసలో వెతికేవాడు. ముందు అసిస్టెంట్ ఇంజనీరు గది, తర్వాత లెక్కల విభాగం, తర్వాత స్టోరు, చివర ఫోను గది. ఆ వరసని ఆఫీసులో దారి అనేవారు. దారిలో ఆ పిలుపుకి మొదట ఎవరు పలికితే పని వాళ్ళదే. పని అయ్యాక గురువులు తిరిగొచ్చి పెట్టె ముందు నిలబడి ఒక అంకె చెప్పాలి. సున్నా అంటే పని సవ్యంగా అయినట్టు. ఇంకే అంకె చెప్పినా తప్పు జరిగినట్టు.

సెక్షన్ సూపరింటెండెంటు తవిటినాయుడికి ఈ పద్ధతి నచ్చింది. "సాయంత్రానికి మనం చేసింది సున్నా అని పైకి చెప్పుకునే ధైర్యం ఇన్నాళ్ళకి వచ్చింది" అన్నాడు.

షెల్‌కి ఎదురు ప్రశ్న వేసే అధికారం లేదు. ఎందుకు, ఎవరికి, ఎలా అని అడగకూడదు. చెప్పింది మోసుకెళ్ళాలి, జవాబు మోసుకురావాలి. గురువులికి ఇందులో కొత్తేమీ కనపడలేదు. "ఇంటికాడా నాది ఇదే డూటీ బాబూ. అక్కడ జీతం లేదు, ఇక్కడుంది" అనేవాడు.

పొద్దున్నే ఊరికి నీళ్ళు వదలడం హైమవతి పని. రాజులూ, గొల్లవీధి వాల్వు తిప్పు. పైడయ్యా, రెల్లివీధికి మళ్ళించు. ఈ ఆదేశాలన్నీ ఏ ఇబ్బందీ లేకుండా నడిచాయి. రాజులూ పైడయ్యా స్టోరు గదిలోనే దొరికేవారు. వీధులన్నిటికీ నీళ్ళు అందాక కోర్టు పక్కనున్న ఓవర్‌హెడ్ ట్యాంకు నింపాలి. ట్యాంకు నిండగానే పంపు ఆపాలి. చిక్కంతా అక్కడ వచ్చింది.

మొదటిరోజు ట్యాంకు నిండగానే పెట్టెలోంచి గొంతు వచ్చింది.

"ఏమండీ, చాలు, కట్టేయండి."

గురువులు లేచి అసిస్టెంట్ ఇంజనీరు గది గుమ్మంలో నిలబడి, "ఏమండీ" అన్నాడు.

"ఏంటి?" అన్నాడు అసిస్టెంట్ ఇంజనీరు. ఆయన అప్పుడు ఉప్మా తింటున్నాడు.

"చాలు, కట్టేయండి."

అసిస్టెంట్ ఇంజనీరు ఒక క్షణం ఆలోచించి, టిఫిన్ బాక్సు మూత పెట్టేశాడు. అయిందా అంటే అయిందన్నాడు. గురువులు వెనక్కి వచ్చి సున్నా అన్నాడు. ట్యాంకు పొంగి కోర్టు వీధిలో నీళ్ళు పారాయి.

మర్నాడు అసిస్టెంట్ ఇంజనీరు సైటుకి వెళ్ళాడు. పిలుపు లెక్కల విభాగంలో పలికింది. అక్కడున్నావిడ ఆదేశం విని పుస్తకాలు కట్టేసి, బీరువాకి తాళం వేసి, ఇంటికెళ్ళిపోయింది. సున్నా. ఆ తర్వాతి రోజు స్టోర్‌కీపరు షట్టరు దించేశాడు. ఆయన లోపలే ఉండిపోయిన సంగతి భోజనాల వేళకి గాని తెలియలేదు. అదీ సున్నాయే.

కోర్టుకొచ్చే లాయర్లు నల్లగౌన్లు మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని నడిచారు. జడ్జిగారి కారు ఆగిపోయింది. కమిషనర్ నివేదిక అడిగితే, రికార్డు ప్రకారం ట్యాంకు రోజూ వేళకే కట్టేస్తున్నామనీ, రోడ్డు మీద కనిపిస్తున్న నీళ్ళకి తమ దగ్గర ఆధారాలేవీ లేవనీ నీటి విభాగం జవాబిచ్చింది. జడ్జిగారు రెండోసారి ఫోన్ చేశాక కమిషనర్ నిర్ణయం తీసుకున్నాడు. సోమవారం పొద్దుటికి పంపు సరిగ్గా కట్టకపోతే హైమవతిని తొలగించి పెట్టె ఖాళీ చెయ్యాలి. పారిశుద్ధ్య విభాగంలో పోయిన ఒకాయన అప్పటికే వెయిటింగులో ఉన్నాడు.

ఈ సంగతి ఇంటికి కబురొచ్చినప్పుడు సన్యాసిరావు తువ్వాలు భుజాన వేసుకుని అలాగే ఆఫీసుకి బయల్దేరాడు.

"ఖాళీ చెయ్యడం అంటే?" అని అడిగాడు తవిటినాయుడిని.

"అంటే మాస్టారూ, ఇందులో ఉన్నది తీసేసి ఇంకొకరిని పెడతారు."

"తీసినది ఎక్కడ పెడతారు?"

తవిటినాయుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎక్కడా పెట్టరండి."

కంపైల్ చేసిన కంపెనీ వాళ్ళు షాహీన్ అనే ఇంజనీరుని పంపించారు. ఆవిడ వచ్చి, దుపట్టా నడుముకి బిగించుకుని, ముందు పెట్టె వెనక వైరు చూసింది. తర్వాత తనే గురువులు ఎదుట నిలబడి, "ఫోను గదీ, పంప్‌హౌస్‌కి చెప్పి కట్టించు" అంది. గురువులు వెళ్ళాడు. పంపు ఆగింది. సున్నా.

"మామూలే సార్" అంది తవిటినాయుడితో. "బయట మనం చేత్తో ఇస్తే పనిచేస్తుంది. అదే లోపల్నించి ఇస్తే పనిచెయ్యదు. మాకు వచ్చే కేసుల్లో సగం ఇవే."

"అయితే ఆవిడే బయటికొచ్చి ఇస్తే సరిపోతాది కదమ్మా?"

"రాలేరు సార్."

"అదీ నిజమేలే."

"లోపలున్నవాళ్ళకి వాళ్ళ లోకం వేరు, బయట షెల్‌కి కనపడే లోకం వేరు. మాట ఒకటే. కానీ ఆ మాట ఎక్కడ నిలబడి అన్నారన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది." ఆవిడ ఆలోచించి అడిగింది. "ఈవిడని మొదట పరీక్షించింది ఎక్కడ?"

నిబంధన ప్రకారం కంపైల్ చేసేది మృతుల నివాసంలోనే. హైమవతిని వంటింట్లో కంపైల్ చేసి అక్కడే పరీక్షించారు. అన్ని ఆదేశాలూ నెగ్గాయి.

"అయితే ఇంటికి తీసుకెళ్దాం" అంది షాహీన్.

ఆటోలో పెట్టెని సన్యాసిరావు ఒళ్ళో పెట్టుకున్నాడు. స్పీడుబ్రేకర్లు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ చుట్టూ వేశాడు. హైమవతి ఇంటికి వస్తుందని ఆయన అనుకోలేదు. వంటింట్లో అలమర మీద పాత సీసాలు పక్కకి జరిపి, ఉతికిన తువ్వాలు పరిచి, దానిమీద పెట్టాడు. పొయ్యి వేడి తగులుతుందేమోనని ఇంకొంచెం జరిపాడు. ఆ సాయంత్రం ఆయన వంటచేసుకుంటుంటే ఇల్లు ఎప్పటిలాగే ఉంది. ఆఫీసు వేళ కాదు కనుక ఆమె ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకుండా ఒకరు ఉండడానికీ, ఎవరూ లేకపోవడానికీ ఉన్న తేడా ఆయన అన్నం వార్చుకుంటూ గమనించాడు.

పొద్దున్నే షాహీన్, తవిటినాయుడు, గురువులు వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. పెట్టె వరసగా వీధులకి నీళ్ళు వదిలించింది. గురువులు సెల్‌ఫోన్‌లో అందరికీ చేరేశాడు. సన్యాసిరావు పెరట్లో కనకాంబరం మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు.

"ఏమండీ, చాలు, కట్టేయండి" అంది పెట్టె.

గురువులు ఇంకా కదలనేలేదు. పెరట్లోంచి "ఆ" అన్న మాట వినపడింది. సన్యాసిరావు చెంబు కింద పెట్టి, పంచెకి చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా హాల్లో ఉన్న ఫోను తీశాడు. "పంప్‌హౌసా? నిండిపోయిందయ్యా. కట్టేయండి" అన్నాడు.

"కట్టేశారా?" అంది పెట్టె.

"కట్టేశా."

ఆయన మళ్ళీ పెరట్లోకి వెళ్ళి చెంబు తీసుకున్నాడు. అప్పుడుగాని ఆయనకి ఇంట్లో మనుషులున్నారని గుర్తు రాలేదు.

షాహీన్ పెరటి గుమ్మంలోకి వచ్చింది. "అంకుల్, ఏమండీ అంటే మీరా?"

"మా ఇంట్లో నేనేనమ్మా."

"మీకూ పంప్‌హౌస్‌కీ ఏం సంబంధం?"

సన్యాసిరావు వంటింటి కిటికీ చూపించాడు. అక్కణ్ణించి చూస్తే ట్యాంకు పొంగే గొట్టం కనిపిస్తుంది. నీళ్ళు వదలమని హైమవతి ఇంటి నుంచే ఫోన్ చేసేది. ట్యాంకు నిండే వేళకి ఆమె పొయ్యి దగ్గర ఉండేది, చేతులు ఖాళీ ఉండేవి కావు. కిటికీలోంచి గొట్టం వైపు ఒక చూపు చూసి ఆయన్ని పిలిచేది. ఆయన ఫోన్ చేసేవాడు. ఆమె ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అంతే.

తవిటినాయుడు వంటింటి పీట మీద కూర్చుండిపోయాడు. "అంటే ఇన్నేళ్ళూ ఈ ఊరి ట్యాంకు కట్టింది మీరా మాస్టారూ?"

"నేను కట్టలేదండీ. చెప్పానంతే."

"కట్టినోడెవడూ లేడు, అందరూ చెప్పినోళ్ళే. అదే కదండీ ఆఫీసంటే" అన్నాడు తవిటినాయుడు కొంచెం తేలికపడి.

షాహీన్ కారణం వివరించింది. ఈ ఇంట్లో ఏమండీ అంటే ఒకే మనిషి. ఎవరినని వెతకక్కర్లేదు. ఆఫీసులో ఏమండీ అంటే ఎవరైనా కావచ్చు. దారిలో ముందు గది వాళ్ళెవరో పలుకుతారు, తమకి తోచింది కట్టేస్తారు, సున్నా అంటారు. "మూలం ఉంటే ఆ ఒక్క మాట మార్చి మళ్ళీ కంపైల్ చేసేదాన్ని" అని, సన్యాసిరావు మొహం చూసి ఆగిపోయింది.

"కాల్చేశామమ్మా" అన్నాడాయన. "నాగావళిలో కలిపాం కూడా."

"పెట్టెని ఇక్కడే ఉంచేస్తే?" అంది షాహీన్ తవిటినాయుడితో.

"ఇంటి నుంచి పని బతికున్నోళ్ళకేనమ్మా. రూలుంది."

"పోనీ అంకుల్‌నే దారిలో, ఇంజనీరుగారి గది కంటే ముందు కూర్చోబెడితే?"

"దారిలో కూర్చోవాలంటే పోస్టుండాలి. బతికున్నోళ్ళకి కొత్త పోస్టులు ఆపేశారు." తవిటినాయుడు సన్యాసిరావుని పైనుంచి కిందికి చూసి, మర్యాదగా, "మీకు తొందరేం లేదులెండి మాస్టారూ" అన్నాడు.

ఇక మిగిలింది ఒక్కటే. ఆమె ఆయన్ని పూర్తి పేరుతో పిలవాలి. ఇంటిపేరు, పేరు, వీధి, డోరు నంబరు. అలా పిలిస్తే షెల్ గదులన్నీ వెతకదు. సరాసరి ఆ మనిషి దగ్గరికే పోతుంది.

సన్యాసిరావు కనకాంబరం మొక్క మీద ఎండిన పువ్వొకటి తుంచాడు. "అనదమ్మా" అన్నాడు.

"ఎప్పుడూ అనలేదా?"

"ఒక్కసారి కూడా. ఆస్పత్రిలో నర్సు భర్త పేరేంటని అడిగితే, పక్క మంచం ఆవిడ చేత చెప్పించింది. కాషాయం కట్టుకుని ఎవరైనా వీధిలోకొస్తే సన్యాసి అనేది కాదు. ఆ రంగు బట్టలాయన అనేది. ఒకసారి తీర్థంలో తప్పిపోయాను. గుడి మెట్ల మీద నిలబడి ఏమండీ అని అరిచింది. గుంపులో సగం మంది వెనక్కి తిరిగారు." ఆయన నవ్వాడు. "ఆ సగంలో నేనూ ఉన్నాను. అది చాల్లెమ్మా అప్పటికి."

"కంపైలర్ ఆవిడలో ఉన్నది ఉన్నట్టు తీసుకుంది అంకుల్. మీ పేరూ తీసుకుంది, అనకపోవడమూ తీసుకుంది. రెండూ లోపలే ఉన్నాయి." షాహీన్ గొంతు తగ్గించింది. "పిలిస్తే ఎవరూ పలక్కపోతే, ప్రోగ్రాము ఇంకో రకంగా పిలవడానికి చూస్తుంది. చివరికి పూర్తి పేరుకొస్తుంది. అందుకని ఎవరూ పలకకూడదు. మీరు కూడా."

"నేను పలికితే?"

"ఆ పూటకి పంపు ఆగుతుంది. కానీ మీకు పోస్టు లేదు కనుక అది లెక్కకి రాదు, ఆవిడని తీసేస్తారు."

సోమవారం పొద్దున్న ఆఫీసు ఆవరణలో ఏమండీ అన్న మాటకి ఎవరూ పలకరాదని, ఎవరూ ఆ మాట అనరాదని కమిషనర్ సంతకంతో కాగితం అంటించారు. దానివల్ల చిన్న చిన్న ఇబ్బందులు వచ్చాయి. కౌంటరు దగ్గర జనం సైగలు చేసుకున్నారు. అసిస్టెంట్ ఇంజనీరు నోట్లో జేబురుమాలు పెట్టుకుని కూర్చున్నాడు. సన్యాసిరావుని నీటి విభాగంలో గోడ పక్కన నిలబెట్టారు. పెట్టె ఆయనకి మూరెడు దూరంలో ఉంది.

ట్యాంకు నిండింది.

"ఏమండీ, చాలు, కట్టేయండి."

గురువులు వరసగా అన్ని గదులకీ వెళ్ళొచ్చాడు. పెట్టె ముందు నిలబడి, "అలాంటోళ్ళెవరూ లేరు" అన్నాడు.

"ఏమండీ."

గురువులు మళ్ళీ తిరిగొచ్చాడు. ఎవరూ లేరన్నాడు. కోర్టు వైపు నుంచి నీళ్ళు పడుతున్న చప్పుడు మొదలైంది.

"ఏమండీ" అంది మూడోసారి. ఈసారి గొంతు కొంచెం మారింది. కంపైల్ అయినవాళ్ళ గొంతు మారకూడదు. షాహీన్ ముందుకి వంగి చిల్లుల పలక వైపు చూసింది.

"ఏమండీ, ఎక్కడున్నారు?"

అది ఆదేశం కాదు. గురువులికి ఏం చెయ్యాలో తెలియక తవిటినాయుడి వైపు చూశాడు. తవిటినాయుడు నేల చూశాడు. సన్యాసిరావు పెదాలు కదిలాయి. ఆయన తువ్వాలు అంచు నోట్లో కుక్కుకుని గోడకి అతుక్కుపోయాడు. ఇన్నేళ్ళలో ఆమె పిలిస్తే ఆయన పలక్కపోవడం అదే మొదలు. మూరెడు దూరంలో నిలబడి పలక్కపోవడం అసలు లేదు.

పెట్టె లోపల ఏదో తిరుగుతున్న సన్నటి రొద మొదలైంది. షాహీన్ చెయ్యెత్తి అందరినీ ఆగమంది.

తర్వాత చాలా మెల్లగా, పరాయి మనిషి ఎదుట తలొంచుకుని చెప్పినట్టు, హైమవతి అంది.

"దూసి సన్యాసిరావు. మంగలివీధి. రెండో అడ్డరోడ్డు. డోరు నంబరు ఏడు."

సన్యాసిరావు నోట్లోంచి తువ్వాలు జారింది. తన పేరు అంత పొడుగ్గా ఉంటుందని ఆయనకి తెలియదు. "చాలు, కట్టేయండి" అన్న మాట ఆ తర్వాత వచ్చింది గాని, ఆయన వినలేదు.

గురువులు గుమ్మం వైపు తిరిగాడు. గుమ్మంలో సన్యాసిరావు ఉన్నాడు. గోడ పక్కన కూడా సన్యాసిరావు ఉన్నాడు. గుమ్మంలో ఉన్నాయన భుజాన అదే తువ్వాలు, పంచె మీద అదే పసుపు మరక. ఆయన తిన్నగా ఫోను గదిలోకి వెళ్ళి, "పంప్‌హౌసా? నిండిపోయిందయ్యా. కట్టేయండి" అని, వచ్చి పెట్టె ముందు నిలబడ్డాడు.

కోర్టు వైపు చప్పుడు ఆగింది.

"కట్టేశారా?" అంది పెట్టె.

"కట్టేశా" అన్నాడాయన. అన్నాక, టీ గ్లాసు మీద ఆవిరి పోయినట్టు పోయాడు.

గురువులు సున్నా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అసిస్టెంట్ ఇంజనీరు జేబురుమాలు తీసేసి స్వీట్లు తెప్పించమన్నాడు.

"పూర్తి పేరుతో పిలిస్తే షెల్ ఆ మనిషిని లాక్కురాదు అంకుల్" అంది షాహీన్, సన్యాసిరావుకి మంచినీళ్ళు ఇస్తూ. "అలాంటి ఇంకో మనిషిని పుట్టిస్తుంది. ఆయన పనిచేసి, అడిగినదానికి జవాబు చెప్పి ముగుస్తారు. మీకేమీ శ్రమ ఉండదు. హాయిగా ఇంట్లో ఉండొచ్చు."

"ఆవిడని తియ్యరుగా?"

"తియ్యరు. పర్మనెంట్ చేస్తారు."

"అయితే సరేనమ్మా" అన్నాడాయన.

వ్యవస్థ చక్కగా నడిచింది. లాయర్లు గౌన్లు దించుకున్నారు. అయితే తవిటినాయుడు ఒక లోపం కనిపెట్టాడు. పుట్టిన సన్యాసిరావు ఫోన్ చేసి తిరిగొచ్చి జవాబు చెప్పేదాకా గురువులు ఊరికే నిలబడి ఉంటున్నాడు. ఆ సమయంలో అతని చేత జనన ధ్రువపత్రాల మీద ముద్రలు వేయించుకోవచ్చు. పిలిచి వదిలేసే పద్ధతి లేదా అని షాహీన్‌ని ఫోన్‌లో అడిగాడు.

"ఉంది సార్. కానీ ఆగకపోతే ఆయన జవాబు తీసుకునేవాళ్ళెవరూ ఉండరు. జవాబు తీసుకోకపోతే ఆయన ముగియరు."

"జవాబు ఎవడిక్కావాలమ్మా? ఎలాగూ సున్నాయే కదా."

అప్పట్నుంచి గురువులు ఆదేశం వినగానే సున్నా చెప్పేసి ముద్రలకి కూర్చునేవాడు. సున్నా ముందే వచ్చేస్తోంది కనుక, కట్టేశారా అని పెట్టె అడగడం మానేసింది.

ఈ మార్పు సంగతి సన్యాసిరావుకి ఎవరూ చెప్పలేదు. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్నే మేడ మీద నిలబడితే ట్యాంకు నిండడం, గొట్టంలో రెండు చుక్కలు మెరిసి ఆగిపోవడం కనిపించేది. తను చెయ్యాల్సిన పని తనే ఎక్కడో చేసేస్తున్నాడు. హాల్లో ఫోను మీద దుమ్ము పడుతోంది. కొన్నాళ్ళు చూశాక, ఆయనకి ఒక కోరిక కలిగింది. అది పెద్దవాళ్ళకి రావలసిన కోరిక కాదని సిగ్గుపడ్డాడు కూడా. ఆమె తన పేరు పిలుస్తుంటే ఇంకోసారి వినాలి.

మర్నాడు పొద్దున్న స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. నీటి విభాగం బయట వరండాలో బల్లలున్నాయి. బల్లల మీద సన్యాసిరావులు కూర్చుని ఉన్నారు.

ఏ రోజు పుట్టినాయన ఆ రోజు బట్టల్లో ఉన్నాడు. వాన పడిన రోజు పుట్టినాయన పంచె అంచు ఇంకా తడిగానే ఉంది. గడ్డం గీసుకుంటూ తెగిన రోజు పుట్టినాయన దవడ మీద దూది ఉంది. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. అందరూ నీటి విభాగం గుమ్మం వైపు మర్యాదగా చూస్తున్నారు. పన్నులు కట్టడానికీ, పేర్లు మార్పించుకోవడానికీ వచ్చినవాళ్ళు వాళ్ళని దాటుకుంటూ పోతున్నారు. ఎవరూ ఆగి చూడటం లేదు. ఆఫీసు వరండాలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలివాళ్ళని ఆగి చూడాల్సినంత కారణం ఎవరికీ కనపడలేదు.

"ఏంటి గురువులూ ఇది?" అన్నాడు సన్యాసిరావు.

గురువులు ముద్ర ఇంకులో అద్దుతూ చూశాడు. "మీరు అసలాయనా, వీళ్ళలో మనిషా?"

"అసలే."

"పని అయిపోయినోళ్ళు బాబూ. అయిందా అని అడిగినోళ్ళు లేరు. అందుకని అలా ఉండిపోనారు. ఏం బాధ లేదు. తిండి అడగరు, గోల సెయ్యరు. ఇంకో రెండు బల్లలకి రాసినాం."

సన్యాసిరావు వరసలో మొదటాయన దగ్గరికి వెళ్ళి, వంగి, "కట్టేశావా?" అని అడిగాడు.

"కట్టేశానండి" అన్నాడాయన లేచి నిలబడి. జవాబు చెప్పాడు గాని పోలేదు. కాసేపు చూసి, నొచ్చుకోకండన్నట్టు, "మీరు కాదండీ. ఆవిడ అడగాలి" అని మళ్ళీ కూర్చున్నాడు.

తడి పంచె ఆయనా అదే అన్నాడు. దూది ఆయనా అదే అన్నాడు. చివరి బల్ల మీదున్న ఇద్దరు ముగ్గురు సన్యాసిరావులే కారు. ఒకాయన ఖాకీ చొక్కా వేసుకున్నాడు, ఇంకొకావిడ మోచేతికి సంచి తగిలించుకుంది. వాళ్ళని ఏ పెట్టె పిలిచిందని అడిగితే గురువులు తల అడ్డంగా ఊపాడు. "పెట్టెలు రాకముందు నుంచీ ఉన్నారు బాబూ. నేను జాయినయ్యేసరికే ఉన్నారు."

అంతలో లోపల్నించి ఆమె గొంతు వచ్చింది. ఇంటిపేరు, పేరు, వీధి, అడ్డరోడ్డు. ఇప్పుడు ఆమె తడుముకోవడం లేదు. రోజూ అనే మాటని అన్నట్టు, తేటగా, చివర కొంచెం సాగదీసి అంది. వరండాలో ఉన్నవాళ్ళందరి తలలూ ఒక్కసారి ఎత్తుకున్నాయి. సన్యాసిరావు తల కూడా. అదొక్క క్షణం. తర్వాత ఫోను గదిలోంచి ఉతికిన పంచెతో ఒకాయన వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, ఎవరూ అడగకపోయేసరికి, వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

ఇంటికి వెళ్ళొచ్చు. సన్యాసిరావు ఆ మాట అనుకున్నాడు. ఇంటి దగ్గర కనకాంబరాలున్నాయి. వాటికి సాయంత్రం పోసినా పరవాలేదు. ఇక్కడ నీడ ఉంది. గాలి బాగానే వస్తోంది. లోపల ఆమె సీటు కిటికీ వరండాలోకే ఉంది. ఆయన కొత్తగా వచ్చినాయన పక్కన కూర్చున్నాడు. గుమ్మం వైపు చూశాడు.

నాలుగో బల్ల వచ్చిన తర్వాత ఒక పొద్దున్న, కుళాయి కనెక్షను కోసం తిరుగుతున్న ఒకాయన చేతిలో ప్లాస్టిక్ కవరుతో అక్కడ ఆగాడు. ఈ వైపు నుంచి ఆ వైపు దాకా వరసంతా చూశాడు. మొహాల పోలిక గమనించాడో లేదో, దాని గురించి ఏమీ అనలేదు.

"ఈ లైను దేనికండీ?" అని సన్యాసిరావుని అడిగాడు.

సన్యాసిరావు ఆలోచించాడు. "పని అయిపోయిందండీ. ఎవరైనా అడుగుతారేమోనని."

"నాదీ అయిపోయిందనే అంటున్నారు" అన్నాడాయన. "కొంచెం జరుగుతారా?"

సన్యాసిరావు జరిగాడు. పక్కనున్నాయన జరిగాడు. వరసంతా, ఒకే మనిషి జరిగినట్టు, కొంచెం జరిగింది.